మంత్రి పదవి ఒకరికి, ఖాళీ అయ్యే సీటు ఎవరికి?

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక ముగిశాక జనవరి 20 ప్రమాణ స్వీకారం దాకా ఉండే రెండున్నర నెలలూ మంత్రివర్గ ఊహాగానాల సీజనే. అందులో తరచూ వినిపించే కబురు ఒకటుంది: ప్రత్యర్థి పార్టీ సెనేటర్ ఒకరికి కొత్త అధ్యక్షుడు మంత్రి పదవి ఇవ్వబోతున్నారట. 2000లో జాన్ బ్రో పేరు, 2004లో బెన్ నెల్సన్ పేరు, 2016లో జో మాంచిన్, హైడీ హైట్‌క్యాంప్ పేర్లు ఇలాగే వారాల తరబడి నలిగాయి. ఒక్కటీ నిజం కాలేదు. 2009లో జడ్ గ్రెగ్ విషయంలో మాత్రం కబురు అధికారిక ప్రకటన దాకా వెళ్లింది, తొమ్మిది రోజులకే రద్దయింది. ఇన్నిసార్లు పుట్టి ఇన్నిసార్లూ ఆవిరయ్యే ఈ వార్త వెనక లెక్క అర్థం కావాలంటే, ఇవ్వబోయే శాఖ ఏదన్నది కాసేపు పక్కన పెట్టి, ఆ సెనేటర్ సొంత రాష్ట్రంలో గవర్నర్ ఏ పార్టీ వారన్నది ముందు చూడాలి.

పార్టీ మారి మంత్రి కావడం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. 2014లో టీడీపీ టికెట్‌పై గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబర్‌లో కేసీఆర్ మంత్రివర్గంలో చేరారు. 2017 ఏప్రిల్‌లో వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన నలుగురు ఎమ్మెల్యేలు చంద్రబాబు మంత్రివర్గంలో ప్రమాణం చేశారు. ఆ అనుభవంతో అమెరికా వార్త చదివితే దారి తప్పుతాం. ఇక్కడ మంత్రి కావాలంటే చట్టసభలో సభ్యత్వం ఉండాలి, లేకపోతే ఆరు నెలల్లో సంపాదించుకోవాలి. అక్కడ పూర్తిగా తలకిందులు. రాజ్యాంగం ఒకటో అధికరణం ఆరో సెక్షన్ ప్రకారం కాంగ్రెస్ సభ్యుడిగా ఉంటూ ప్రభుత్వ పదవి చేపట్టడానికి వీల్లేదు. అంటే పార్టీ మారనక్కర్లేదు గానీ సీటు వదిలి తీరాలి. మన దగ్గర గొడవంతా ఫిరాయించినవారు సీటు పట్టుకుని కూర్చున్నారని. అక్కడ గొడవంతా వదిలిన సీటు ఎవరి చేతికి పోతుందని.

ఆ ఖాళీని నింపే పద్ధతిలోనే అసలు రాజకీయం ఉంది. 1913లో వచ్చిన 17వ సవరణ సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకునే హక్కు ఇచ్చింది. మధ్యలో సీటు ఖాళీ అయితే ఎన్నిక జరిగేదాకా తాత్కాలికంగా ఒకరిని నియమించే అధికారాన్ని గవర్నర్‌కు ఇవ్వొచ్చని రాష్ట్రాల చట్టసభలకు వెసులుబాటు కల్పించింది. చాలా రాష్ట్రాలు ఆ అధికారం ఇచ్చాయి. అక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివారు కాదు. ఓట్లతో గెలిచి, పార్టీ తరఫున పాలించే వ్యక్తి, ఇంచుమించు మన ముఖ్యమంత్రి. ఆయన తన పార్టీ మనిషినే పంపాలనుకుంటే చాలా రాష్ట్రాల్లో అడ్డు చెప్పే చట్టమే లేదు. కాబట్టి డెమోక్రాట్ సెనేటర్ ఉన్న రాష్ట్రంలో రిపబ్లికన్ గవర్నర్ ఉంటే, ఆ సెనేటర్‌కు మంత్రి పదవి ఇవ్వడమంటే, ఎన్నిక లేకుండా ఒక సెనేట్ సీటును తమ ఖాతాలో వేసుకోవడమే. వంద సీట్ల సభలో ఒక్క సీటు విలువ ఎంతో గ్రెగ్ ఉదంతం చూస్తే తెలుస్తుంది.

2009 ఫిబ్రవరి 3న బరాక్ ఒబామా తన వాణిజ్య శాఖ మంత్రిగా న్యూహాంప్‌షైర్ రిపబ్లికన్ సెనేటర్ జడ్ గ్రెగ్ పేరు ప్రకటించారు. ముందు అనుకున్న బిల్ రిచర్డ్‌సన్ జనవరి మొదట్లోనే తప్పుకోవడంతో ఆ శాఖ ఖాళీగా ఉంది. గ్రెగ్ అల్లాటప్పా నాయకుడు కాదు. సొంత రాష్ట్రానికి గవర్నర్‌గా చేసి 1993 నుంచి సెనేట్‌లో ఉన్నారు, బడ్జెట్ వ్యవహారాల్లో రిపబ్లికన్లకు పెద్ద దిక్కు. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులను ఆదుకునే ప్యాకేజీ చర్చల్లో తన పార్టీ తరఫున కూర్చున్నది ఆయనే. 1995లో అసలు వాణిజ్య శాఖనే రద్దు చేయాలన్న ప్రతిపాదనకు ఓటేసింది కూడా ఆయనే. ఏ శాఖ అక్కర్లేదన్నారో ఆ శాఖకే ఇప్పుడు మంత్రిగా రమ్మని పిలుపు వచ్చింది.

అప్పటి సెనేట్ లెక్క చూడండి. ఇద్దరు స్వతంత్రులతో కలిపి డెమోక్రాట్లకు 58 మంది. రిపబ్లికన్లకు 41. మిన్నెసోటాలో డెమోక్రాట్ ఆల్ ఫ్రాంకెన్, రిపబ్లికన్ నార్మ్ కోల్‌మన్‌ల మధ్య రీకౌంటింగ్ వివాదం కోర్టులో ఉంది, ఫ్రాంకెన్ గెలిస్తే 59. మైనారిటీ పక్షం సాగదీతతో బిల్లును ఆపకుండా చర్చను ముగించాలంటే 60 ఓట్లు కావాలి. న్యూహాంప్‌షైర్ గవర్నర్ జాన్ లించ్ డెమోక్రాట్. ఆయన ఒక డెమోక్రాట్‌ను నియమిస్తే 60 నిండుతుంది, రిపబ్లికన్లు దేన్నీ ఆపలేని పరిస్థితి వస్తుంది. వాణిజ్య శాఖ మామూలుగా పతాక శీర్షికలకెక్కే శాఖ కాదు. వాషింగ్టన్‌లో ఆ వారం అంత టెన్షన్ పుట్టించింది ఈ కూడికే.

గ్రెగ్ కూడా ఇది తెలిసే ఒక షరతు పెట్టారు. తాను వెళ్లడం వల్ల సెనేట్‌లో బలాబలాలు మారేటట్లయితే పదవి తీసుకోనన్నారు. లించ్ ఒప్పుకొని, గ్రెగ్ దగ్గర ఒకప్పుడు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసిన రిపబ్లికన్ బానీ న్యూమన్‌ను పంపుతానని ప్రకటించారు. 2010 ఎన్నికలో పోటీ చేయనని ఆమె మాట ఇచ్చారు. అంటే సీటు రిపబ్లికన్లదే, కాకపోతే రెండేళ్ల తర్వాత అక్కడ సిట్టింగ్ అభ్యర్థి ఉండరు. డెమోక్రాట్లకు మిగిలిన ఆశ అదొక్కటే.

షరతు చూడటానికి పెద్దమనిషి తరహాగానే ఉంది. నిజానికి అందులో మరో సంగతి దాగి ఉంది. న్యూహాంప్‌షైర్ ఓటర్లు 2004లో గ్రెగ్‌ను రిపబ్లికన్‌గా ఎన్నుకున్నారు, 2010 దాకా. ఆ ఓటుకు బదులు ఎవరు కూర్చోవాలన్నది అధ్యక్షుడు, గవర్నర్, వెళ్లిపోయే సెనేటర్ ముగ్గురూ కలిసి తేల్చేశారు. ఓటర్లను అడిగినవారు లేరు. పార్టీ మారలేదు కాబట్టి మోసం జరగలేదని సరిపెట్టుకోవచ్చు. కానీ సీటు ఎవరిదన్న ప్రశ్నకు ఆ ఫిబ్రవరిలో వచ్చిన జవాబు ప్రజాస్వామ్యవాదులకు రుచించేది కాదు.

సీటు సమస్య ఇలా సర్దుకున్నా వ్యవహారం చెడింది. చెడగొట్టినవి రెండు. ఒకటి ఒబామా ప్రభుత్వపు మొదటి పెద్ద బిల్లు, 787 బిలియన్ డాలర్ల ఆర్థిక ఉద్దీపన. బడ్జెట్ పొదుపే తన రాజకీయంగా బతికిన గ్రెగ్ ఆ ఖర్చును సమర్థించలేరు. అలాగని తనను మంత్రిని చేస్తున్న అధ్యక్షుడి బిల్లును వ్యతిరేకించనూ లేరు. ఫిబ్రవరి 10న సెనేట్ 61–37తో దాన్ని ఆమోదించినప్పుడు గ్రెగ్ అసలు ఓటే వేయలేదు. పార్టీవారంతా గట్టిగా పోరాడుతున్న రోజున ఆయన మౌనంగా కూర్చోవాల్సి వచ్చింది.

రెండోది జనగణన. బయటివారికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా లెక్కలో ఉద్దీపన కంటే ఇదే లోతైనది. అమెరికాలో జనాభా లెక్కలు తీసే సంస్థ వాణిజ్య శాఖ కింద ఉంటుంది. 2010 జనగణనకు ఏడాదే గడువుంది. ప్రతినిధుల సభలో 435 సీట్లు ఏ రాష్ట్రానికి ఎన్నన్నది ఆ లెక్కే తేలుస్తుంది, కేంద్రం నుంచి రాష్ట్రాలకు వెళ్లే నిధుల్లో చాలా భాగం కూడా దాని మీదే ఆధారపడుతుంది. పేద పేటల్లో, నల్లజాతి, లాటినో కుటుంబాల్లో మనుషులు లెక్కలోంచి జారిపోవడం అక్కడ పాత సమస్య. గ్రెగ్ గతంలో జనగణనకు అదనపు నిధులు ఇవ్వడానికి అడ్డుపడ్డారని నల్లజాతి, లాటినో ప్రజాప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. వారిని శాంతపరచడానికి వైట్‌హౌస్, జనగణన డైరెక్టర్ తమతోనే నేరుగా పనిచేస్తారని సంకేతం ఇచ్చింది. అక్కడ రిపబ్లికన్లు భగ్గుమన్నారు: లెక్కలను రాజకీయం చేస్తున్నారని. మంత్రి కాకముందే శాఖలోంచి అతి ముఖ్యమైన పని తీసేస్తామంటే, ఆ మంత్రిని వైట్‌హౌస్ నమ్మడం లేదనే కదా అర్థం?

ఫిబ్రవరి 12న గ్రెగ్ తప్పుకున్నారు. ఉద్దీపన, జనగణన విషయాల్లో సర్దుకోలేని భేదాలున్నాయన్నారు. 30 ఏళ్లుగా తన అభిప్రాయం తాను చెబుతూ వచ్చిన మనిషి, మంత్రిగా అధ్యక్షుడి ప్రతి నిర్ణయాన్నీ నూటికి నూరు శాతం సమర్థించడం కుదరదని ముందే గుర్తించాల్సిందని, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. వైట్‌హౌస్ మాత్రం అంత మర్యాదగా మాట్లాడలేదు. పదవి కోసం తన పేరు తానే ముందుకు తెచ్చారని గుర్తుచేస్తూ ప్రకటన ఇచ్చింది. ఆ రోజు అబ్రహాం లింకన్ 200వ జయంతి. సొంత పార్టీలోని ప్రత్యర్థులనే మంత్రులుగా పెట్టుకున్న లింకన్‌ను ఒబామా ఆదర్శంగా చెప్పుకునేవారు, ఈ కబురు వచ్చిన రోజు ఆ ఉత్సవాల కోసమే ఇల్లినాయిలో ఉన్నారు. మరునాడు ఉద్దీపన బిల్లు తుది రూపానికి గ్రెగ్ వ్యతిరేకంగా ఓటేశారు. వాణిజ్య శాఖ చివరికి వాషింగ్టన్ రాష్ట్ర మాజీ గవర్నర్, డెమోక్రాట్ గ్యారీ లాక్‌కు దక్కింది. 2010లో గ్రెగ్ పోటీ చేయలేదు. ఆ సీటును రిపబ్లికన్ కెల్లీ ఏయాట్ సులువుగా గెలిచారు.

దీన్నిబట్టి ఇలాంటి కబురుకు రెండు అడ్డుగోడలుంటాయని అర్థమవుతుంది. మొదటిది సీటు. రెండోది మాట. మంత్రి అయినవారు తమ పార్టీ ఎన్నేళ్లుగానో ఎదిరించిన విధానాన్ని రేపటి నుంచి కెమెరాల ముందు సమర్థించాలి. గ్రెగ్ మొదటి గోడ దాటి రెండోదాని దగ్గర ఆగిపోయారు. మిగతావారిలో ఎక్కువమంది మొదటి గోడ దగ్గరే ఆగారు.

జాన్ బ్రో సంగతి తీసుకోండి. 2000 ఎన్నికల తర్వాత సెనేట్ సరిగ్గా 50–50గా చీలింది. లూసియానాకు చెందిన ఈ మధ్యేవాద డెమోక్రాట్‌ను జార్జ్ బుష్ డిసెంబర్‌లో టెక్సస్‌కు పిలిపించి మాట్లాడారు, ఇంధన శాఖ ఇస్తారన్న ప్రచారం జోరుగా సాగింది. లూసియానా గవర్నర్ మైక్ ఫాస్టర్ రిపబ్లికన్. బ్రో సెనేట్‌లోనే ఉంటానన్నారు, ప్రచారం ఆగిపోయింది. దాని విలువ ఎంతో ఐదు నెలలకు తెలిసింది. 2001 మేలో వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వదిలి స్వతంత్రుడిగా డెమోక్రాట్లతో కలిశారు, సెనేట్ పగ్గాలు చేతులు మారాయి. బ్రో వెళ్లిపోయి, ఫాస్టర్ ఒక రిపబ్లికన్‌ను నియమించి ఉంటే జెఫర్డ్స్ వెళ్లాక కూడా లెక్క 50–50 దగ్గర ఆగేది, ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడు డిక్ చెయినీ వేసే ఓటుతో రిపబ్లికన్ల పట్టు నిలిచేది. ఒక్క మనిషి వద్దన్న మాట మీద సభ ఆధిపత్యం నిలబడింది, ఆ సంగతి అప్పుడు ఆయనకే తెలియదు.

నెబ్రాస్కా బెన్ నెల్సన్ కథలోనూ అలాంటి మలుపే ఉంది. 2004లో ఆయనకు వ్యవసాయ శాఖ ఇస్తారని వార్తలు వచ్చాయి. అక్కడి గవర్నర్ మైక్ జోహాన్స్ రిపబ్లికన్. నెల్సన్ సీటు వదల్లేదు, వ్యవసాయ శాఖ చివరికి ఆ జోహాన్స్‌కే వెళ్లింది. ఐదేళ్ల తర్వాత, 2009 డిసెంబర్ 24న ఒబామా ఆరోగ్య బీమా చట్టం సెనేట్‌లో 60–39తో గట్టెక్కింది. ఆ అరవైలో చివరగా ఒప్పుకున్న ఓటు నెల్సన్‌ది. ఆ చట్టం కింద ఇవాళ వైద్యం అందుకుంటున్న లక్షల కుటుంబాలకు నెబ్రాస్కా గవర్నర్ పేరు తెలియకపోవచ్చు. కానీ 2004లో ఆ రాష్ట్రంలో నియామకం జరిగి ఉంటే లెక్క 59 దగ్గరే ఆగి ఉండవచ్చు.

మాంచిన్, హైట్‌క్యాంప్‌ల మీద 2016లో వచ్చిన ఊహాగానాలకు కారణం ఇంకా సూటిగా ఉంది. మాంచిన్ సొంత రాష్ట్రం వెస్ట్ వర్జీనియాను ట్రంప్ దాదాపు 42 పాయింట్ల తేడాతో, హైట్‌క్యాంప్ రాష్ట్రం నార్త్ డకోటాను దాదాపు 36 పాయింట్ల తేడాతో గెలిచారు. ఇద్దరూ డెమోక్రాట్లు, ఇద్దరికీ 2018లో ఎన్నిక. డిసెంబర్‌లో ఇద్దరూ వేర్వేరుగా న్యూయార్క్ ట్రంప్ టవర్‌కు వెళ్లి ఆయన్ని కలిశారు. అలా కలవడం వల్ల నష్టపోయేవారు ఎవరూ లేరు. ట్రంప్ అందరినీ కలుపుకుపోయే మనిషిలా కనిపిస్తారు. సెనేటర్లు సొంత ఊళ్లో ట్రంప్ అభిమానులకు ఈ భేటీ చూపించుకోవచ్చు. పార్టీ నాయకులు కూడా అప్రమత్తమవుతారు. నవంబర్‌లోనే డెమోక్రాటిక్ నేత చక్ షూమర్ మాంచిన్‌ను తన నాయకత్వ బృందంలోకి తీసుకున్నారు. అందుకే ఇలాంటి వార్తను గట్టిగా ఖండించే తొందర ఎవరికీ ఉండదు. ‘చర్చల్లో ఉన్నట్టు సమాచారం’ అన్న వాక్యం చదివినప్పుడు, అది బయటకు రావడం వల్ల ఎవరికి మేలన్నది అడిగి చూడాలి.

ఆ మాంచిన్ కబురు 2017 ఆగస్టులో మళ్లీ లేచింది, ఈసారి మరింత పదునుగా. జులై 28న ఒబామా ఆరోగ్య చట్టాన్ని పాక్షికంగా రద్దు చేసే బిల్లు సెనేట్‌లో 49–51తో ఓడిపోయింది, ముగ్గురు రిపబ్లికన్లు అడ్డం తిరిగారు. ఆగస్టు 3న వెస్ట్ వర్జీనియా గవర్నర్ జిమ్ జస్టిస్ ట్రంప్ సభలో నిలబడి డెమోక్రాటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్ అయ్యానని ప్రకటించారు. ఆ రోజుల్లోనే మాంచిన్‌కు ఇంధన శాఖ ఇచ్చే ఆలోచన ఉందని వార్తలు మొదలయ్యాయి. మాంచిన్ వెళితే జస్టిస్ ఒక రిపబ్లికన్‌ను పంపవచ్చు. 49 కాస్తా 50 అవుతుంది, ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఓటుతో ఓడిన బిల్లు గెలుస్తుంది. మాంచిన్ ఆసక్తి చూపలేదు. 2018లో దాదాపు మూడు పాయింట్ల తేడాతో గట్టెక్కారు, హైట్‌క్యాంప్ ఓడిపోయారు. గవర్నర్ పార్టీ మారిన వారంలోనే సెనేటర్ పేరు మంత్రి పదవికి వినిపించడం కాకతాళీయమని నమ్మడం కష్టం.

పార్టీ గోడ దాటనివారి విషయంలోనూ ఈ లెక్కే నడుస్తుంది. 2020 చివర్లో వెర్మాంట్ సెనేటర్ బెర్నీ శాండర్స్ కార్మిక శాఖ కావాలని బాహాటంగానే కోరుకున్నారు. ఆయన బైడెన్‌కు మిత్రుడే. కానీ వెర్మాంట్ గవర్నర్ ఫిల్ స్కాట్ రిపబ్లికన్. డెమోక్రాట్లతో కలిసి నడిచే స్వతంత్రుడినే నియమిస్తానని స్కాట్ ముందే అన్నా, తర్వాత జరిగే ప్రత్యేక ఎన్నికలో ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? జార్జియాలో రెండు సీట్లు గెలిచి సెనేట్‌ను 50–50కి తెచ్చుకున్న వెంటనే సెనేట్ మీద పట్టును ముప్పులో పెట్టలేమని చెప్పి బైడెన్ ఆ శాఖకు బోస్టన్ మేయర్ మార్టీ వాల్ష్‌ను ఎంచుకున్నారు.

మరి పార్టీ గోడ దాటి నిజంగా మంత్రులైనవారు లేరా? ఉన్నారు. వారిలో ఇద్దరు పేరున్నవారు రక్షణ శాఖకు వెళ్లినవారే, సెనేట్ సీటు అప్పటికే వదిలేసినవారే. మెయిన్ రాష్ట్ర రిపబ్లికన్ విలియం కోహెన్ 1996లో మళ్లీ పోటీ చేయకుండా తప్పుకున్నాక క్లింటన్ ఆయన్ని పిలిచారు. ఆయన సీటులోకి ఎన్నిక ద్వారా సుసాన్ కాలిన్స్ అప్పటికే వచ్చేశారు, ఆవిడా రిపబ్లికనే. ఎవరికీ నష్టం లేదు కాబట్టి సెనేట్ 99–0తో ఆమోదించింది. 2013లో నెబ్రాస్కా మాజీ సెనేటర్ చక్ హేగెల్‌ను ఒబామా తెచ్చినప్పుడు సీటు గొడవ లేదు గానీ మాట గొడవ వచ్చింది. ఇరాక్ యుద్ధంపై పార్టీని విమర్శించిన హేగెల్‌ను సొంత పార్టీ క్షమించలేదు. 58–41తో నెగ్గారు, అనుకూలంగా ఓటేసిన రిపబ్లికన్లు నలుగురే. రెండేళ్లు తిరగకముందే రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది.

ఓటర్ల వైపు నుంచి చూస్తే ఈ పద్ధతిలో మార్చాల్సింది మంత్రి ఎంపిక కాదు, ఖాళీని నింపే తీరు. రాష్ట్రాలు దాన్ని ఎంత ఇష్టారాజ్యంగా మార్చుకున్నాయో మసాచుసెట్స్ చూపిస్తుంది. 2004లో అక్కడి సెనేటర్ జాన్ కెర్రీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తుంటే, ఆయన గెలిస్తే రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ ఎవరిని పంపుతారోనన్న భయంతో డెమోక్రాటిక్ చట్టసభ గవర్నర్ నియామక అధికారాన్నే తీసేసింది. 2009లో అక్కడి మరో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ మరణించేసరికి గవర్నర్ డెమోక్రాట్ డెవాల్ ప్యాట్రిక్. అదే చట్టసభ ఆ అధికారాన్ని తిరిగి ఇచ్చేసింది. కెంటకీలో అటు నుంచి ఇటు: డెమోక్రాట్ ఆండీ బెషియర్ గవర్నర్‌గా ఉండగా 2021లో రిపబ్లికన్ చట్టసభ, ఖాళీ అయిన సీటుకు వెళ్లిపోయిన సెనేటర్ పార్టీ వారినే నియమించాలని చట్టం చేసింది, 2024లో గవర్నర్ నియామకాన్నే ఎత్తేసి ప్రత్యేక ఎన్నికకు మార్చింది. రెండుసార్లూ బెషియర్ వీటోను దాటి మరీ.

ఎవరి అవసరం కోసం చేసినా, కెంటకీ రెండో చట్టం సరైన చోటికే చేరింది. ఒరెగాన్, విస్కాన్సిన్, నార్త్ డకోటా లాంటి రాష్ట్రాలు ఖాళీని ప్రత్యేక ఎన్నికకే వదిలేశాయి. కొన్ని నెలలు సీటు ఖాళీగా ఉండటం, ఎన్నిక ఖర్చు, తక్కువ పోలింగ్ దాని ఇబ్బందులు. కానీ అలాంటి రాష్ట్రంలో సెనేటర్‌ను మంత్రిగా పిలిచే అధ్యక్షుడు అక్కడ గెలిచే పార్టీ ఏదో ముందే రాసిపెట్టుకోలేరు. హైట్‌క్యాంప్ కబురు నడిచిన 2016 నాటికే నార్త్ డకోటా ఈ దారిలోకి వచ్చేసింది. అక్కడ సీటు గవర్నర్ సంతకంతో మారేది కాదు, రిపబ్లికన్లు జనం దగ్గరకు వెళ్లి గెలుచుకోవాల్సి వచ్చేది.